దాచినవాడు రేపు వస్తాడు

శుభ్రత విషయంలో నేను చాలా పట్టుదల గల మనిషిని. మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ప్రతి ఉదయం పత్రికల స్టాండు ముందు నిలబడి, జేబులోంచి సొంత రుమాలు తీసి, ఒక పత్రికను స్వయంగా తుడుస్తాను. ఆ పని అటెండర్లకు వదిలిపెట్టను. తుడిచాక దాన్ని కళ్ళకెదురుగా ఉండే వరసలో, అట్ట ముందుకు కనబడేలా నిలబెడతాను. మిగతా పత్రికల మీద దుమ్ము ఉంటుంది, నిజమే. ఒక్క మనిషి ఎన్నని తుడుస్తాడు? ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి.

నేను మొదలుపెట్టిన చోట నా వ్యాసం ఉంది.

నా పేరు ఓబులేసు. ఇక్కడ అసిస్టెంట్ లైబ్రేరియన్ని. పుస్తకాలు సర్దే దినకూలీగా చేరి, సర్దుతున్న పుస్తకాల్లోంచే నాలుగు ముక్కలు ఏరుకుని, దూరవిద్యలో పరీక్షలు రాసి ఈ కుర్చీ దాకా వచ్చాను. లెక్కలు, పట్టికలు, సగటులు అన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే వాటిలో తప్పులు కూడా పూర్తిగా నా సొంతం.

పని మాత్రం ఒకరి దగ్గర నేర్చుకున్నాను. ఆయన దేవసహాయం సార్. ఒకప్పుడు మా లైబ్రరీకి పెద్ద. రిటైరై చాలాకాలమైనా రోజూ మధ్యాహ్నం గొడుగు పట్టుకుని వచ్చి, కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుకుంటారు. ఎవరికీ ఏమీ చెప్పరు. చెప్పమన్నా చెప్పరు.

నేను చేరిన కొత్తల్లో ఒక పుస్తకాన్ని అరలోంచి తలమీద వేలుపెట్టి లాగాను. అందరూ అలాగే లాగుతారు. దేవసహాయం సార్ ఏమీ అనకుండా వచ్చి నా చెవి పట్టుకుని పైకి లాగారు. నేను కెవ్వుమన్నాను. తర్వాత ఆయన అటూ ఇటూ ఉన్న పుస్తకాలను కొంచెం లోపలికి నెట్టి, మధ్యదాన్ని నడుం దగ్గర పట్టుకుని మెల్లగా తీసి నా చేతిలో పెట్టారు. అదే పాఠం. అప్పటినుంచి నేను ఏ పుస్తకాన్నీ తల పట్టుకుని లాగలేదు.

ఇక వ్యాసం సంగతి.

గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు మా లైబ్రరీ నిండా ఉంటారు. వాళ్ళకు కావలసిన పుస్తకాలు మాత్రం చాలవు. అందుకని సాయంత్రం వెళ్ళేముందు, చదువుతున్న పుస్తకాన్ని వేరే ఏదో అరలో, మిగతా పుస్తకాల వెనక దాచిపోతారు. మర్నాడు తలుపులు తీయగానే పరుగున వచ్చి తీసుకుంటారు. ప్రతి లైబ్రరీలోనూ జరిగేదే ఇది. మా వాళ్ళందరూ దీన్ని దొంగతనం అన్నారు. నేను దీన్ని కొన్నేళ్ళపాటు కూర్చుని చూశాను. ఎక్కడ దాస్తారు, ఏవి దాస్తారు, ఎప్పుడు వస్తారు, మనం బయటికి లాగేస్తే ఏం చేస్తారు.

తేలింది ఇది. దాచిన పుస్తకం పోయిన పుస్తకం కాదు, రేపు కూడా కావలసిన పుస్తకం. దాన్ని మనం లాగేసి దాని చోటులో పెట్టేస్తే, దాచినవాడు ఈసారి ఇంకా లోతుగా దాస్తాడు. ఒక్క రోజు చేయి పెట్టకుండా ఉంటే, పని అయ్యాక వాడే తెచ్చి ఇస్తాడు. అంచేత రెండు సూచనలు చేశాను. దాచింది కంటబడితే ఆ రోజుకు ముట్టుకోవద్దు. గుమ్మం దగ్గర ఒక బల్ల వేయండి; రేపటికి కావలసిన పుస్తకం దానిమీద పెట్టి వెళ్ళవచ్చు; ఎవరు, ఎందుకు అని మాత్రం అడగవద్దు.

పిల్లలు ఎక్కువగా దాచే చోటు కూడా కనిపెట్టాను. ఎవరూ ఎన్నడూ తొంగిచూడని అర అది. మా గ్రంథాలయ శాస్త్రం అర. ఆ సంగతి రాయడానికి మనసొప్పక, వ్యాసంలో 'ఒకానొక అనువర్తిత శాస్త్ర విభాగం' అని రాశాను.

గ్రంథపాలకుల సంఘం వారి పత్రికలో వ్యాసం అచ్చయింది. మా లైబ్రరీలో బల్ల వేశాం. పిల్లలే దానికి 'రేపటి బల్ల' అని పేరు పెట్టుకున్నారు. దాచడం తగ్గింది. వెతుకులాట తగ్గింది. పుస్తకాల కోసం కొట్టుకునే ఇద్దరు కుర్రాళ్ళు ఒకే పుస్తకాన్ని ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం చదువుకునేలా మాట్లాడుకున్నారు. పక్క జిల్లాల కాలేజీల వాళ్ళు వచ్చి చూసి, కొలతలు తీసుకుని, తమ దగ్గరా బల్లలు వేసుకున్నారు. బల్ల ఎత్తు ఎంత అని అడిగారు గానీ, ఆ ఆలోచన ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

ఒక్కరు అడిగారు. ప్రొఫెసర్ చక్రధర్ గారు. మేనేజ్‌మెంట్ విభాగం. విశ్వవిద్యాలయం నాణ్యత విభాగానికి డైరెక్టర్ కూడా.

"బ్యూటిఫుల్, ఓబులేసు గారూ! ఇది ఎవరి ఐడియా?"

"నాదే సార్. వ్యాసం కూడా రాశాను."

"అరె, ఇవ్వండి మరి! చదివి ఇచ్చేస్తాను."

నా దగ్గరున్న ఒకే ఒక్క సొంత ప్రతి ఇచ్చాను. చదివారు. ఇవ్వలేదు.

ఆ ఏడాది నాణ్యత నివేదికలో రంగుల బొమ్మలతో ఒక పేజీ వచ్చింది. పేరు 'టుమారో షెల్ఫ్ ఇనిషియేటివ్'. రూపకల్పన ప్రొఫెసర్ చక్రధర్. ఆయనకు వేరే ఊళ్ళో శాలువా కప్పారు. నా పేరు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను, ఎందుకంటే ఆ పేజీలో నా ఫోటో ఉంది. బల్లకు అవతలి కొస పట్టుకుని మోస్తున్నది నేనే.

అంతటితో ఆగినా బాగుండేది. ఇనిషియేటివ్ అన్నాక ఇంపాక్ట్ కొలవాలి కదా! బల్ల మీద ఒక స్కానర్ బిగించారు. పుస్తకం పెట్టేముందు గుర్తింపు కార్డు చూపించాలి. ఏ కోర్సు, ఎందుకు కావాలి, ఎంతసేపు, సేవలు తృప్తిగా ఉన్నాయా అన్న ప్రశ్నలకు తెరమీద నవ్వుముఖమో ఏడుపుముఖమో నొక్కాలి. మా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది చదువు ముగిసి కార్డు గడువు దాటినవాళ్ళు. ఇంటికెళ్ళే మొహం లేక ఉద్యోగం కోసం చదువుతున్నవాళ్ళు. వాళ్ళు బల్లవైపు చూడటం మానేశారు. మళ్ళీ అరల వెనక దాచుకోవడం మొదలుపెట్టారు. బల్ల ఖాళీ అయింది. నివేదికలో మాత్రం 'నూరు శాతం డిజిటల్' అని వచ్చింది. అదీ నిజమే. సున్నా పుస్తకాలను నూరు శాతం స్కాన్ చేశారు.

ఈ పరిస్థితిలో నా పదోన్నతి సమయం వచ్చింది. డిప్యూటీ లైబ్రేరియన్. అర్హతలు, అనుభవం అన్నీ సరిపోయాయి. ఒక్క పరిశోధన దగ్గర ఆగింది. కమిటీ ముందుకెళ్ళే ముందురోజు కాగితాలు సరిచూసే పని చక్రధర్ గారిది.

"రీసెర్చ్ పేపర్లు?" అన్నారు.

"ఒకటుంది సార్."

"సైటేషన్లు?"

అంటే, వేరేవాళ్ళు తమ వ్యాసాల్లో నా వ్యాసం పేరెత్తి ఉండాలి. ఎత్తినన్ని సార్లు లెక్క. పక్క జిల్లా కాలేజీల్లో వేసిన బల్లలు ఆ లెక్కలోకి రావు. బల్లలు వ్యాసాలు రాయవు.

"లేవు సార్."

"సున్నా," అన్నారాయన, రక్తపరీక్ష ఫలితం చెప్పే డాక్టరులా జాలిగా. "చూడండి ఓబులేసు గారూ, తప్పుగా అనుకోవద్దు. లైబ్రేరియన్ రీసెర్చ్‌కి ఇంపాక్ట్ ఎలా కొలుస్తాం? మేం రీసెర్చ్ చేస్తాం, మీరు దాన్ని సర్దిపెడతారు. ఎవరి పని వాళ్ళది. అసలు మీ పేపర్ ఎవరు చదువుతారు చెప్పండి?"

"మీరు చదివారు కదా సార్."

ఆయన ఒక్క క్షణం ఫ్యాను వైపు చూశారు.

"అది వేరే విషయం. రేపు పత్రిక ఒరిజినల్ ఇష్యూని కమిటీ టేబుల్ మీద పెట్టండి. జిరాక్స్ ఒప్పుకోం. ఒరిజినల్ ఉంటే ఏదో ఒక మార్కు వేయడానికి వీలుంటుంది. లేదంటే ఆ పేపర్ లేనట్టే."

"నా ప్రతి మీ దగ్గరే ఉండిపోయింది సార్."

"అదా? ఇల్లు మారాం కదా, ఏ డబ్బాలో ఉందో! అయినా లైబ్రరీలో ఉంటుంది కదయ్యా. మీ లైబ్రరీయే కదా!"

మెట్లు దబదబా దిగాను. భయంతో కాదు. కోపంతో. ఆయనకు అనవలసిన మాటలన్నీ మెట్టుకొకటి చొప్పున గుర్తొచ్చాయి. అన్నీ అద్భుతమైన మాటలు. కిందికొచ్చేసరికి ఆయనకు వినపడని దూరంలో ఉన్నాను.

నేరుగా పత్రికల స్టాండు దగ్గరికి పోయాను.

చుట్టూ దుమ్ము. మధ్యలో నలుచదరంగా ఒక శుభ్రమైన చోటు. నా పత్రిక లేదు.

పైవరస చూశాను, కిందివరస చూశాను, స్టాండు వెనక్కి వంగి చూశాను. ఆ పత్రిక ఆగిపోయి చాలాకాలమైంది. సంఘంవాళ్ళ దగ్గరా మిగల్లేదు. లోకంలో నాకు తెలిసి రెండే ప్రతులు. ఒకటి చక్రధర్ గారి ఇంట్లో ఏదో డబ్బాలో. రెండోది ఇక్కడ, నేను పొద్దున్నే తుడిచి పెట్టినది.

కిటికీ దగ్గర దేవసహాయం సార్ పేపరు మడుస్తున్నారు. లైబ్రరీ మూసే వేళ దగ్గరపడింది.

"ఏమయ్యా ఓబులేసూ, పచ్చిమిరపకాయ నమిలినట్లుండావే?" అన్నారు.

జరిగిందంతా కక్కేశాను. శాలువా దగ్గర గొంతు పెరిగింది. సర్దిపెడతారన్న మాట దగ్గర పూర్తిగా అదుపు తప్పింది. పత్రికల మీద వంగి చదువుకుంటున్న ఒకమ్మాయి తలెత్తి, "సార్, సైలెన్స్," అని గోడమీది బోర్డు చూపించింది. ఆ బోర్డు రాయించి తగిలించింది నేనే.

గొంతు తగ్గించి, "ఇది అన్యాయం కాదా సార్?" అన్నాను.

"అన్యాయమే."

నాకు కొంచెం నిరాశ కలిగింది. 'కోపం తగ్గించుకో నాయనా' అంటారనుకున్నాను. దానికి గట్టి జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"రేపు మీరు కమిటీకొచ్చి ఒక్క మాట చెప్పండి సార్. మీరు చెబితే వింటారు."

"కుర్చీలో ఉన్నప్పుడే యినలేదు. గొడుగేసుకుని పోతే యింటారా?"

"మరేం చేయమంటారు? ఆ పత్రికైనా చూపిద్దామంటే, ఎవడో దొంగ వెధవ ఎత్తుకుపోయాడు!"

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని నన్ను చూశారు.

"దొంగ అనేమాట అందరూ అనొచ్చు. నువ్వు అనకూడదేమో."

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి గొడుగు అందుకున్నారు.

"యాడ దాస్తారని రాసినావు?" అన్నారు.

అప్పుడు వెలిగింది. నా వ్యాసాన్ని వెతకడానికి నా వ్యాసమే దారి. ఇద్దరం వరసల మధ్యగా వెనక గోడ దాకా నడిచాం. గ్రంథాలయ శాస్త్రం అర. ట్యూబులైటు కూడా అక్కడ సగమే వెలుగుతుంది. మోకాలి ఎత్తు వరస, ఎడమవైపు కొస. వ్యాసంలో అలాగే రాశాను. వంగి, ముందున్న పుస్తకాలను నడుం పట్టుకుని తీశాను. వెనకాల, గోడకు ఆనించి, బోర్లా పడుకోబెట్టి ఉంది నా పత్రిక.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఏ కమిటీ ఇవ్వలేదు. రాసింది అక్షరాలా నిజమైంది. అంతకంటే పెద్ద సంగతి, ఒక మనిషి నా వ్యాసం ఉన్న పత్రికను, పరీక్షకు పనికిరాని పత్రికను, రేపటికి కావాలని దాచుకున్నాడు!

మధ్యలో గుర్తుగా ఒక బస్సు టికెట్టు పెట్టి ఉంది. తెరిచాను.

"చూశారా సార్! చదివారు!"

"ఏది?" అన్నారు దేవసహాయం సార్.

చూశాను. ఎడమ పేజీలో నా వ్యాసం ముగుస్తోంది. కుడి పేజీలో వేరే ఆయన వ్యాసం మొదలవుతోంది. గ్రంథాలయాల్లో చెదల నివారణ. టికెట్టు సరిగ్గా మధ్యలో, కుట్టు దగ్గర ఉంది. ఎటువైపుకూ వెంట్రుకవాసి కూడా ఒరగలేదు.

"నాదే సార్," అన్నాను. "నాది చదవడం పూర్తిచేసి గుర్తు పెట్టుకున్నాడు."

"కావచ్చు."

"చెదల గురించి ఎవడైనా దాచుకుని మరీ చదువుతాడా సార్?"

"ఇంట్లో చెదలు పట్టినోడు చదువుతాడు."

ఆయన ముఖంలో నవ్వు లేదు. నిజంగానే ఆలోచించి చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. సరే, ఏదైతేనేం, పత్రిక దొరికింది. చంకలో పెట్టుకున్నాను.

"రేపు దీన్ని ఆయన టేబుల్ మీద టప్పుమని కొడతాను సార్. కళ్ళు తెరుచుకోవాలి."

దేవసహాయం సార్ చేయి చాచారు. ఇన్నాళ్ళకు నా వ్యాసం చూడాలనిపించిందేమో అనుకుని, ఎంతో వినయంగా ఇచ్చాను.

ఆయన అట్ట కూడా తిప్పలేదు. టికెట్టు జారకుండా బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఆ వయసులో మోకాళ్ళమీద వంగి, పత్రికను ఎలా ఉన్నదాన్ని అలాగే, బోర్లా, గోడకు ఆనించి పడుకోబెట్టారు. నేను తీసిన పుస్తకాలు ఒక్కొక్కటే అందుకుని ముందు పేర్చారు. వరస సమంగా ఉందా అని అరచేత్తో ఒకసారి నిమిరారు. తర్వాత అర పట్టుకుని లేచి, చేతులు దులుపుకున్నారు.

"సార్! రేపు కమిటీ!"

"యిన్నాను."

"అది లేకపోతే సున్నా."

"అదీ యిన్నాను."

"పొద్దున తీసుకెళ్ళి, కమిటీ అయిపోగానే తెచ్చి మళ్ళీ ఇక్కడే పెట్టేస్తాను. ఒట్టు."

"దాచినోడు రేపొస్తాడు. రేపు ఎప్పుడొస్తాడు?"

ఆ వ్యాసంలో అన్నిటికన్నా గట్టిగా రుజువైన సంగతి అదే. తలుపులు తీయగానే వస్తాడు.

"వాడి కోసం జిరాక్స్ తీసి పెడతాను."

"నువ్వు దాచిన చోట జిరాక్స్ కనబడితే ఏం చేస్తావు?"

"ఎవరో కనిపెట్టేశారని... ఇంకోసారి..."

"ఊఁ?"

"ఇంకా లోతుగా దాస్తాను."

"నేను అనలేదబ్బా. నువ్వు రాసిందే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి మళ్ళీ బోర్డు చూపిస్తుందని భయపడి, పళ్ళు బిగించి మాట్లాడాను.

"వాడెవడో నాకు తెలియదు సార్. పేరు తెలియదు. నా కోసం పెట్టుకున్నాడో చెదల కోసం పెట్టుకున్నాడో కూడా తెలియదు. వాడికోసం నేను నా బతుకు..."

"కమిటీవాళ్ళు నీ వ్యాసాన్ని నమ్మలేదు. ఆ ప్రొఫెసరు నమ్మలేదు. నమ్మింటే బల్లకు ఆ మిషను పెట్టడు." ఆయన గొడుగును చంకలోకి మార్చుకున్నారు. "నమ్మేటోడు ఒక్కడన్నా ఉండల్ల గదా, ఓబులేసూ?"

"ఎవరు సార్?"

ఆయన వరసల మధ్యగా మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఖాళీగా ఉన్న రేపటి బల్ల పక్కనుంచి పోతూ, స్కానర్ ఎర్రలైటు మీద గొడుగు గుడ్డ కప్పి ఒక్క క్షణం నిలబడ్డారు. మళ్ళీ తీసి, బయటికి నడిచారు.

మర్నాడు తలుపులు తీసే వేళకంటే ముందే వచ్చాను. తాళం నా దగ్గరే ఉంటుంది. లోపల ఎవరూ లేరు. ఆ అర ముందు కూర్చున్నాను. చేయి లోపలికి పోయింది. మోచేతి దాకా పోయింది. వేళ్ళకు పత్రిక అంచు తగిలింది. ఎవరైనా చూసి ఉంటే దాన్ని తనిఖీ అనేవాణ్ణి.

చేయి బయటికి తీసుకున్నాను. పుస్తకాలు సమంగా జరిపాను. తలుపులు తీసి, కమిటీకి వెళ్ళిపోయాను. వచ్చేవాణ్ణి చూడకూడదని వెనక్కి తిరగలేదు. చూస్తే అడుగుతాను. నా సంగతి నాకు తెలుసు.

కమిటీ గదిలో పెద్దాయన ఒకరు మధ్యలో, అటూ ఇటూ ప్రొఫెసర్లు. చక్రధర్ గారు ఎడమ పక్కన.

"ఒరిజినల్?" అన్నారు చక్రధర్ గారు.

"పాఠకుడి దగ్గర ఉంది సార్."

"ఏ పాఠకుడు? పేరు?"

"అడగలేదు సార్."

"ఇష్యూ చేశారా? రికార్డ్?"

"లేదు సార్."

"అంటే పోయింది. సింపుల్‌గా చెప్పొచ్చు కదా."

"పోలేదు సార్. దాచుకున్నారు. బల్లకు మీరు స్కానర్ పెట్టినప్పటినుంచి పిల్లలు మళ్ళీ అరల వెనకే దాచుకుంటున్నారు. వద్దని నా వ్యాసంలో రాశాను. ఎవరు, ఎందుకు అని అడగవద్దని రాశాను. మీరు నా ప్రతి తీసుకున్నారు సార్, ఆ పేజీ దాకా వచ్చినట్టు లేరు."

మధ్యలో పెద్దాయన చక్రధర్ గారి వైపు చూశారు. చక్రధర్ గారు మంచినీళ్ళు తాగారు.

"డిజిటల్ అనేసరికి మనవాళ్ళకు కొంచెం టైం పడుతుంది సార్," అన్నారు.

పెద్దాయన తలూపారు. కాగితం మీద పరిశోధన అన్న గడిలో పెన్ను కదిలింది. నేను తలకిందులుగా చూస్తున్నా తెలిసిపోయింది. సున్నాకు అదొక్కటే సుఖం. ఎటునుంచి చూసినా సున్నాయే.

లైబ్రరీకి వచ్చి నేరుగా వెనక గోడ దగ్గరికి పోయాను. వంగి చూశాను. గోడ కనబడింది. పత్రిక లేదు.

మధ్యాహ్నం కిటికీ దగ్గర దేవసహాయం సార్ పేపరు చదువుతున్నారు. తల ఎత్తలేదు.

"ఉండాదా?"

"లేదు సార్. తీసుకున్నారు."

ఆయన పేపరు తిరగేశారు. ఆ తిరగేయడంలో కొంచెం వేగం ఉంది. నాకు అలా అనిపించింది.

"కమిటీలో సున్నా వేశారు సార్."

"అప్పీలు ఉంటుంది గదా. రాసినావా?"

నా జేబులో అప్పటికే ఉంది. నా కోపమంతా పోసి రాశాను. దాని చివర, అలవాటు కొద్దీ, 'దయతో పరిశీలించవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను' అని పెట్టాను. దేవసహాయం సార్ పెన్ను తీసి, నా కోపాన్నంతా అలాగే ఉంచి, చివరి వాక్యం ఒక్కటే కొట్టేశారు. దాని పైన 'అడుగుతున్నాను' అని రాశారు. కొంచెం ఆలోచించి, కింద తన పాత లైబ్రేరియన్ చేతిరాతతో ఇంకో వాక్యం చేర్చారు. 'ప్రొఫెసర్ చక్రధర్ గారు తీసుకున్న ప్రతిని వెంటనే తిరిగి ఇప్పించవలెను.'

"ఇదెందుకు సార్, అసలు సంగతి పక్కదారి పడుతుందేమో?"

"పుస్తకం తీసుకున్నోడు తిరిగియ్యల్ల," అన్నారాయన. "ఇదే అసలు సంగతి."

ఆ వారంలోనే ఒక ఉదయం పత్రిక స్టాండు మీదికి తిరిగొచ్చింది. అన్నిటికన్నా కిందివరసలో, నలగకుండా, అట్ట ముందుకు పెట్టి ఉంది. బస్సు టికెట్టు లేదు. నేను దాన్ని తుడిచి, మళ్ళీ కళ్ళకెదురుగా ఉండే వరసలోకి తెచ్చాను. శుభ్రత ముఖ్యం.

అప్పీలుకు ఇంతవరకు జవాబు రాలేదు. చక్రధర్ గారి డబ్బా తెరుచుకోలేదు. బల్ల మీది స్కానర్ ఒకరోజు దానంతటది ఆగిపోయింది. బాగుచేయించమని పైకి రాయవలసిన ఉద్యోగిని నేనే. రాయలేదు. బల్ల మీద మళ్ళీ పుస్తకాలు చేరుతున్నాయి. ఎవరూ లెక్కపెట్టడం లేదు.

నా కోపం తగ్గలేదు. తగ్గించుకోమని దేవసహాయం సార్ కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ టికెట్టు పెట్టినవాడు నా వ్యాసం ముగించి ఆగాడా, చెదల వ్యాసం మొదలుపెట్టబోయి ఆగాడా అన్నది మాత్రం నాకు తెలియదు. ఆ మాట తెలుసుకోకుండా పేపరు చదువుకోవడం దేవసహాయం సార్‌కు వచ్చు. నేను ఇంకా నేర్చుకోలేదు.